9 శాతం ఇచ్చే రీటా, 5 శాతం ఇచ్చే రీటా? ఏళ్ల తరబడి ఆదాయం కోరేవారికి ఒక పోలిక

రీట్ అంటే చాలామంది మదుపరుల డబ్బుతో అద్దె భవనాలు కొని, వచ్చిన అద్దెను వాళ్లకు పంచే ట్రస్టు లేదా సంస్థ; అందులోని వాటాలను యూనిట్లంటారు. అలాంటి రెండు రీట్లు మీ ముందున్నాయనుకుందాం. మొదటిది మీరు పెట్టిన ప్రతి 100కూ ఏడాదికి 9 ఇస్తోంది, ఏళ్లుగా అంతే ఇస్తోంది. రెండోది 5 మాత్రమే ఇస్తోంది, కానీ ఆ మొత్తాన్ని ఏటా 4 శాతం చొప్పున పెంచుకుంటూ వస్తోంది. మీకు కావలసింది పదిహేను, ఇరవై ఏళ్లపాటు ఆగకుండా వచ్చే ఆదాయం. దేన్ని తీసుకోవాలి?

పెరిగేదాన్ని తీసుకోండి, కొన్నేళ్లలో మొదటిదాన్ని దాటేస్తుంది అని చాలామంది సలహా ఇస్తారు. కాగితం మీద లెక్క వేస్తే ఆ మాట నిలవదు. రెండో రీట్ ఏడాది పంపిణీ 5 నుంచి 9కి చేరడానికి 16వ ఏడు రావాలి. అప్పటిదాకా చేతికొచ్చిన మొత్తాలను కూడి చూస్తే, రెండోది మొదటిదాన్ని దాటేది 29వ ఏట. మొదటి రీట్ తన 9ని నిజంగా నిలబెట్టుకోగలిగితే, చాలామంది జీవితకాలపు అవసరాలకు అదే ఎక్కువ డబ్బు ఇస్తుంది.

అసలు ప్రశ్న నిలబెట్టుకోగలదా అన్నదే. నాలుగో ఏట మొదటి రీట్ తన పంపిణీని 9 నుంచి 5కి కోసిందనుకోండి. పదేళ్లు గడిచేసరికి మొదటిది మొత్తం 62 ఇచ్చి ఉంటుంది, రెండోది 60. దాదాపు సమానం. పదిహేనేళ్లకు మొదటిది 87, రెండోది 100. పైగా మార్కెట్ ఆ రీట్ నుంచి అప్పటికీ 9 శాతమే ఆశిస్తే, 5 ఇచ్చే యూనిట్ ధర 56 దగ్గరికి పడిపోతుంది. వడ్డీ ఆశకు అసలుకే ఎసరు రావడమంటే ఇదే. కోత పడకపోయినా ఇంకో నష్టం ఉంది: ధరలు ఏటా 4 శాతం పెరిగే చోట, పెరగని 9తో 16వ ఏట కొనగలిగేది ఇవాళ 5తో కొనగలిగినంతే.

అందుకే దీర్ఘకాలిక ఆదాయం కోసం రీట్లను పోల్చడమంటే ఎవరు ఎక్కువ ఇస్తున్నారో చూడటం కాదు, ఎవరు కోత పెట్టాల్సి వస్తుందో ముందే పసిగట్టడం. యీల్డ్ (ధరలో ఏడాది పంపిణీ ఎంత శాతమో చెప్పే అంకె) పట్టికలో ఆ సంగతి ఉండదు. 9 శాతం కనిపిస్తోందంటే తరచుగా మార్కెట్ అప్పటికే కోతను ఊహించి ధరను దించేసిందని అర్థం. ఎప్పుడూ అలాగే కాదు, మార్కెట్ అనవసరంగా భయపడే సందర్భాలూ ఉంటాయి. ఆ తేడా తెలుసుకోవాలంటే మూడు నాలుగు చోట్ల లోతుగా తవ్వాలి.

మిగుల్చుకోలేని సంస్థ

ముందుగా రీట్ స్వభావం గురించి ఒక మాట. అమెరికాలో 1960లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో రీట్ల చట్టం వచ్చింది. చిన్న మదుపరి కూడా పెద్ద భవనాల అద్దెలో వాటా పొందగలగాలన్నది ఉద్దేశం. ఆస్ట్రేలియాలో తొలి ట్రస్టు 1971లో లిస్ట్ అయింది. జపాన్‌లో 2001లో, సింగపూర్‌లో 2002లో, భారత్‌లో 2019లో తొలి రీట్లు ఎక్స్ఛేంజీల్లోకి వచ్చాయి. వివరాలు దేశాన్ని బట్టి మారినా సారం ఒక్కటే: ఆదాయంలో అత్యధిక భాగాన్ని, చాలాచోట్ల 90 శాతాన్ని, యూనిట్‌దారులకు పంచెయ్యాలి. బదులుగా సంస్థ స్థాయిలో పన్ను తప్పుతుంది లేదా బాగా తగ్గుతుంది. ఆ 90 శాతాన్ని దేనిమీద లెక్కిస్తారన్నది మాత్రం వేరువేరు. అమెరికాలో పన్ను లెక్క ప్రకారం వచ్చే ఆదాయం మీద, భారత్‌లో పంచదగిన నగదు మీద.

ఈ నిబంధన మనకు మేలే. కానీ దీనికి ఇంకో ముఖం ఉంది. మామూలు కంపెనీ లాభంలో కొంత దాచుకుని కష్టకాలంలో వాడుకుంటుంది, దానితోనే ఎదుగుతుంది. రీట్ చేతిలో మిగిలేది చాలా కొద్ది. కొత్త భవనం కొనాలన్నా పాత అప్పు తీర్చాలన్నా మళ్లీ బ్యాంకు దగ్గరికో, బాండ్ మార్కెట్‌కో, కొత్త యూనిట్ల జారీకో వెళ్లాల్సిందే. రీట్ల బలహీనతలు చాలావరకు ఈ ఒక్క కారణం నుంచే పుడతాయి.

నికర లాభం చూసి మోసపోకండి

రీట్ లాభనష్టాల ఖాతా తెరిచి, 'సంపాదించిన దానికంటే ఎక్కువ పంచుతోందే' అని కంగారుపడేవాళ్లు ఉంటారు. భవనాల తరుగుదలను ఖర్చుగా రాయడం వల్ల అలా కనిపిస్తుంది. ఆ ఖర్చుకు ఆ ఏడాది నగదేమీ బయటికి పోదు. ఈ చిక్కు తీర్చడానికే అమెరికాలోని రీట్ల సంఘం నారీట్ 1991లో ఎఫ్‌ఎఫ్‌ఓ (ఫండ్స్ ఫ్రమ్ ఆపరేషన్స్) అనే కొలతకు నిర్వచనం ఇచ్చింది. నికర లాభానికి స్థిరాస్తుల తరుగుదలను తిరిగి కలిపి, భవనాలు అమ్మగా వచ్చిన లాభాన్ని తీసేస్తే వచ్చేదే ఎఫ్‌ఎఫ్‌ఓ.

అయితే ఎఫ్‌ఎఫ్‌ఓ దగ్గర ఆగిపోతే ఎదురు పొరపాటు చేసినట్టే. భవనం నిజంగానే పాతబడుతుంది. లిఫ్టులు మార్చాలి, పైకప్పు బాగుచెయ్యాలి, కొత్త అద్దెదారు వస్తే లోపల పనులు చేయించి ఇవ్వాలి, బ్రోకరేజీ కట్టాలి. ఇవి ఏటా ఉండే ఖర్చులే. అద్దె మొత్తాన్ని లీజు కాలమంతటికీ సమంగా పరచి చూపే పద్ధతి వల్ల ఇంకా చేతికి రాని అద్దె కూడా ఆదాయంలో కలిసి ఉండవచ్చు. వీటన్నిటినీ తీసేస్తే మిగిలేది ఏఎఫ్‌ఎఫ్‌ఓ, అంటే సవరించిన ఎఫ్‌ఎఫ్‌ఓ. మన చేతికి రాగలిగిన డబ్బుకు దగ్గరి అంకె ఇదే.

ఒక ఊహా లెక్క చూడండి. నికర లాభం 40, తరుగుదల 50, ఒక భవనం అమ్మిన లాభం 10. ఎఫ్‌ఎఫ్‌ఓ 80 అవుతుంది. మరమ్మతులు, అద్దెదారుల పనులు, బ్రోకరేజీ కలిపి 15, ఇంకా చేతికి రాని అద్దె 3. ఏఎఫ్‌ఎఫ్‌ఓ 62. ఈ రీట్ 56 పంచిందనుకుందాం. నికర లాభంతో పోలిస్తే 140 శాతం పంచినట్టు, ఎఫ్‌ఎఫ్‌ఓతో పోలిస్తే హాయిగా 70 శాతం, ఏఎఫ్‌ఎఫ్‌ఓతో పోలిస్తే 90 శాతం. అదే రీట్, అదే ఏడాది, మూడు బొమ్మలు. మొదటిది అనవసరంగా భయపెడుతుంది, రెండోది నిద్రపుచ్చుతుంది. మూడోదాన్ని పట్టుకోండి.

ఒక జాగ్రత్త. ఏఎఫ్‌ఎఫ్‌ఓకు అందరూ పాటించే ఒకే నిర్వచనం లేదు. ఒక రీట్ మరమ్మతుగా రాసిన ఖర్చును ఇంకో రీట్ 'అభివృద్ధి' కింద చూపి లెక్కలోంచి తప్పించవచ్చు. రెండు రీట్లను పోల్చేటప్పుడు వాళ్లిచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టకుండా, నివేదికలో ఉన్న వివరాల పట్టిక తీసి రెంటికీ ఒకే పద్ధతిలో మీరే లెక్క కట్టండి. ఓ గంట పడుతుంది. ఆ గంటకు విలువుంది.

ఎంత శాతం పంచితే భద్రం? ఏడాది ఏడాదీ అద్దెలు ఊగిపోయే ఆస్తులున్న రీట్ ఏఎఫ్‌ఎఫ్‌ఓలో 75 శాతం దాటితే నాకు ఇబ్బందిగా ఉంటుంది. దీర్ఘకాల లీజులు, గట్టి అద్దెదారులు ఉన్న రీట్ 80, 85 దగ్గరున్నా ఒప్పుకుంటాను. పంచవలసిన శాతం నిబంధనలోనే ఎక్కువగా ఉండే దేశాల్లో ఈ గీత పనిచెయ్యదు. అక్కడ శాతం బదులు గత ఏడెనిమిదేళ్లలో యూనిట్‌కు వచ్చిన మొత్తం ఎలా నడిచిందో చూడాలి.

అప్పు: కోతలు పుట్టే చోటు

ఏ రీట్ నివేదిక చేతికొచ్చినా నేను ముందు తిప్పేది భవనాల ఫొటోల పేజీ కాదు, అప్పులు ఏ ఏట ఎంత తీరాలో చెప్పే పట్టిక. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను.

భవనాల నుంచి ఖర్చులు పోను ఏడాదికి 100 వస్తోంది. అప్పు 800, వడ్డీ 3 శాతం, అంటే 24. మిగిలేది 76. ఆ అప్పు గడువు తీరి కొత్త అప్పు 6 శాతానికి దొరికిందనుకోండి. వడ్డీ 48, మిగిలేది 52. ఒక్క అద్దెదారు ఖాళీ చెయ్యలేదు, అద్దె ఒక్క పైసా తగ్గలేదు, కానీ యూనిట్‌దారుల ఆదాయం దాదాపు మూడో వంతు పోయింది. అంతటితో అయిపోదు. వడ్డీ రేట్లు పెరిగినప్పుడు కొనేవాళ్లు భవనాల నుంచి ఎక్కువ రాబడి అడుగుతారు. 5 శాతం రాబడి లెక్కన 2000 పలికిన ఆ ఆస్తులు 6.25 శాతం లెక్కన 1600కే పలుకుతాయి. ఆస్తిలో 40 శాతంగా ఉన్న అప్పు కొత్తగా ఒక్క పైసా తీసుకోకుండానే 50 శాతం అవుతుంది. అప్పుకున్న పరిమితులు దగ్గరపడతాయి, బ్యాంకులు షరతులు బిగిస్తాయి. భవనాలు అమ్ముకోవాలంటే ఆ సమయంలో కొనేవాళ్లూ తక్కువే.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో మాల్స్ నడిపిన జనరల్ గ్రోత్ ప్రాపర్టీస్ 2009 ఏప్రిల్‌లో దివాలా రక్షణ కోరింది. ఆ దేశపు స్థిరాస్తి చరిత్రలో అంత పెద్ద దివాలా అంతకు ముందు లేదు. మాల్స్ ఖాళీ అయి మునిగిన సంస్థ కాదది. దుకాణాలు నడుస్తున్నాయి, అద్దెలు వస్తున్నాయి. గడువు తీరిన అప్పులకు బదులు కొత్త అప్పు ఇచ్చేవాళ్లు ఆ సంక్షోభంలో దొరకలేదు. అద్దె పుష్కలంగా ఉన్నా గడువు మింగేసింది.

కొన్ని దేశాలు అప్పుకు చట్టపరమైన హద్దు పెట్టాయి. సింగపూర్‌లో ఆస్తుల్లో 50 శాతం, భారత్‌లో 49 శాతం. అమెరికాలో అలాంటి హద్దు లేదు, అక్కడ మదుపరే గీత గీసుకోవాలి. నా గీత 40 శాతం. అంతకంటే ముఖ్యమైనవి ఇంకో మూడు: ఏ ఒక్క ఏడాదిలోనూ మొత్తం అప్పులో అయిదో వంతుకు మించి తీరాల్సింది ఉండకూడదు, అప్పులో పెద్ద భాగం స్థిర వడ్డీకి ఉండాలి, ఖర్చులు పోను వచ్చే ఆదాయం వడ్డీకి కనీసం మూడు రెట్లుండాలి. ఇప్పుడున్న సగటు వడ్డీ మార్కెట్ వడ్డీ కంటే బాగా తక్కువగా కనిపిస్తే సంబరపడకండి. అది రేపటి భారం, ఎప్పుడు మీద పడుతుందో గడువుల పట్టిక చెబుతుంది.

భవనం కంటే అద్దెదారు ముఖ్యం

ఆఫీసులు, గోదాములు, మాల్స్, ఇళ్లు, ఆస్పత్రులు, డేటా సెంటర్లు, సెల్ టవర్లు. రీట్లలో రకాలెన్నో. ఏది మంచిదని అడిగితే ఒక్క ముక్కలో జవాబు లేదు. అడగవలసింది అద్దెదారు వెళ్లిపోవడం ఎంత సులభం, వెళ్లిపోతే మళ్లీ నింపడానికి ఎంత ఖర్చు అని.

ఆఫీసు భవనానికి ఖాళీ అయితే నింపే ఖర్చు చాలా ఎక్కువ. నెలల తరబడి అద్దె మినహాయింపు ఇవ్వాలి, లోపలి పనులకు పెట్టుబడి పెట్టాలి. 2020 తర్వాత ఇంటి నుంచి పని అలవాటయ్యాక చాలా నగరాల్లో ఆ భారం రెట్టింపు తెలిసొచ్చింది. గోదాముకు నాలుగు గోడలు, పైకప్పు, ట్రక్కులు తిరిగే స్థలం చాలు, ఖర్చు తక్కువ. అద్దె ఇళ్ల లీజులు ఏడాదికోసారి మారతాయి కాబట్టి ధరలు పెరిగే కాలంలో అద్దె వెంటనే పెంచుకోవచ్చు, మాంద్యంలో వెంటనే తగ్గించుకోవాల్సీ వస్తుంది. పన్ను, బీమా, మరమ్మతులు మూడూ అద్దెదారే భరించే 'ట్రిపుల్ నెట్' లీజుల్లో ఆదాయం నికరంగా వస్తుంది. కానీ ఏటా పెంపు 1, 2 శాతమే ఉండే ఒప్పందాలు ఎక్కువ. ధరలు దూసుకుపోయే కాలంలో ఆ లీజు దాదాపు బాండ్‌లా ప్రవర్తిస్తుంది.

ఒకే అద్దెదారు మీద ఆధారపడే రీట్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అమెరికాలో ఆస్పత్రి భవనాలున్న మెడికల్ ప్రాపర్టీస్ ట్రస్ట్ అనే రీట్‌కు, ఆస్పత్రులు నడిపే స్టీవార్డ్ హెల్త్ కేర్ పెద్ద అద్దెదారు. లీజులు దీర్ఘకాలానివి, భవనాలు నిండా ఉన్నాయి, యీల్డ్ ఊరించేలా ఉంది. ఆ అద్దెదారు డబ్బుకు ఇబ్బంది పడుతోందన్న సంకేతాలు వచ్చాక, 2023 ఆగస్టులో రీట్ తన మూడు నెలల డివిడెండ్‌ను 29 సెంట్ల నుంచి 15 సెంట్లకు తగ్గించింది. 2024 మేలో స్టీవార్డ్ దివాలాకు వెళ్లింది. ఇరవై ఏళ్ల లీజు ఉందన్న ధైర్యం, అద్దె కట్టేవాడు ఇరవై ఏళ్లు నిలబడితేనే ధైర్యం. అందుకే మొదటి పదిమంది అద్దెదారుల పట్టిక చూడండి. ఎవరి వాటా అయినా మొత్తం అద్దెలో 10 శాతం దాటితే, రీట్ నివేదికతో పాటు ఆ అద్దెదారు లెక్కలు కూడా చదవాలి. దొరక్కపోతే నేనైతే ఆ రీట్ జోలికి పోను.

పెరుగుతున్నది రీటా, మీ వాటానా?

'గత అయిదేళ్లలో మా ఆస్తులు రెట్టింపయ్యాయి' అని రాసుకునే రీట్లు చాలా. ఆ అయిదేళ్లలో యూనిట్ల సంఖ్య కూడా రెట్టింపైతే మీకు ఒరిగిందేమీ లేదు. చూడవలసింది యూనిట్‌కు ఏఎఫ్‌ఎఫ్‌ఓ, యూనిట్‌కు పంపిణీ, అంతే.

ఇక్కడే యాజమాన్యం సంగతి వస్తుంది. అమెరికాలో పెద్ద రీట్లను ఎక్కువగా సొంత ఉద్యోగులే నడుపుతారు. సింగపూర్, జపాన్, భారత్ వంటి చోట్ల బయటి మేనేజర్ సంస్థ ఫీజు తీసుకుని నడపడం మామూలు. ఆ ఫీజు ఆస్తుల విలువలో శాతంగా ఉంటే, ఆస్తులు పెంచుకుంటూ పోవడమే మేనేజర్‌కు లాభం, కొన్న ధర సరైనదైనా కాకపోయినా. పంపిణీ పెరుగుదలకు ముడిపెట్టిన ఫీజు మనకు మేలు. మేనేజర్ మాతృసంస్థ నుంచే రీట్ భవనాలు కొంటుంటే, కొన్న ధరను స్వతంత్ర మదింపుతో పోల్చి చూడండి. ఈ ఒక్క విషయంలో అనుమానం కలిగినా, మిగతావన్నీ బాగున్న రీట్‌ను కూడా వదులుకోవడానికి నేను వెనకాడను. నమ్మకం చెడ్డచోట ఇరవై ఏళ్లు డబ్బు ఉంచలేం.

వేరే జాతివి

పేరులో రీట్ ఉన్నా మార్ట్‌గేజ్ రీట్లకు భవనాలుండవు. స్వల్పకాలిక అప్పు తెచ్చి, గృహ రుణాల పత్రాలు కొని, రెండు వడ్డీల మధ్య తేడా తింటాయి. యీల్డ్ రెండంకెల్లో కనిపించడం మామూలే. 2020 మార్చిలో మార్కెట్లు కుదేలైనప్పుడు వీటిలో చాలా సంస్థలు పత్రాలను వచ్చిన ధరకు అమ్మి, పంపిణీలు కోశాయి లేదా ఆపేశాయి. ఆదాయం కోసం ఏళ్ల తరబడి ఉంచుకునే డబ్బుకు ఇవి తగవు.

ఎక్స్ఛేంజీలో లిస్ట్ కాని రీట్లకు ధర రోజూ ఊగదు కాబట్టి మనసుకు ప్రశాంతంగా ఉంటుంది. కానీ బయటికి రావాలంటే తలుపు వాళ్ల చేతిలో ఉంటుంది. 2022 చివర బ్లాక్‌స్టోన్ అనే పెట్టుబడుల సంస్థ నడిపే, లిస్ట్ కాని రీట్ 'బ్రీట్'లో డబ్బు వెనక్కి ఇమ్మన్న అర్జీలు నెలకు 2 శాతం, మూడు నెలలకు 5 శాతం అన్న పరిమితిని దాటేసరికి మదుపరులు వరుసలో వేచి ఉండాల్సి వచ్చింది. అది నిబంధనల్లో ముందునుంచీ రాసి ఉన్నదే. చదివి, ఒప్పుకుని చేరితే సరే. వైద్యం ఖర్చుకో, పిల్లల చదువుకో అక్కరకు రావాల్సిన డబ్బును మాత్రం అక్కడ పెట్టకండి.

ఇన్ని నివేదికలు చదివే తీరిక లేకపోతే, చాలా రీట్లను కలిపి కొనే రీట్ ఇండెక్స్ ఫండ్ మంచి దారి. యీల్డ్ మధ్యస్థంగా ఉంటుంది, ఒక రీట్ కోత పెట్టినా మొత్తం మీద గాయం చిన్నది. ఒక్క లోటు, ఇండెక్స్ పెద్ద రీట్లవైపు మొగ్గుతుంది. పెద్దవన్నీ ఎక్కువ ఆదాయం ఇచ్చేవి కానక్కర్లేదు. టవర్లు, డేటా సెంటర్ల రీట్లకు పెద్ద వాటా ఉన్న ఫండ్‌లో యీల్డ్ మీరు అనుకున్నదానికంటే తక్కువగా ఉండొచ్చు.

ఏ ధరకు

ధర విషయంలో రెండు పోలికలు చాలు. ఒకటి, ఆ దేశపు పదేళ్ల ప్రభుత్వ బాండ్ ఎంతిస్తోంది? దానికంటే రీట్ ఒక శాతం కూడా ఎక్కువ ఇవ్వకపోతే, ఆ రీట్ పంపిణీ ఏటా పెరుగుతుందన్న గట్టి ఆధారం మీ దగ్గర ఉండాలి. రెండు, అప్పు తీసేశాక ఆస్తుల నికర విలువ యూనిట్‌కు ఎంత? యూనిట్ ధర అంతకంటే పావు వంతు తక్కువ ఉంటే చవకగా దొరికిందని సంతోషించే ముందు, ఆ విలువ కట్టి ఎంతకాలమైందో చూడండి. వడ్డీ రేట్లు మారాక మళ్లీ కట్టని విలువ పాత అంకె మాత్రమే. అదీకాక నికర విలువ కంటే తక్కువ ధరలో చాలాకాలం నలిగే రీట్ కొత్త యూనిట్లు అమ్మి ఎదగలేదు. అమ్మితే పాత యూనిట్‌దారుల వాటా కరుగుతుంది. రీట్ విషయంలో తక్కువ ధర కూడా ఒక్కోసారి జబ్బే.

పన్ను సంగతి మీ దేశాన్ని బట్టి వేరు. పంపిణీలో ఎంత డివిడెండ్, ఎంత వడ్డీ, ఎంత మీ అసలే మీకు తిరిగొచ్చింది అన్న విభజన తప్పక చూడండి. అసలులో భాగంగా వచ్చేది ఏటా పెరుగుతుంటే ఆ యీల్డ్ అంకె ఆ మేరకు బోలు. పన్ను పోను చేతికొచ్చే మొత్తంతోనే రెండు రీట్లను పోల్చాలి.

మళ్లీ ఆ రెండు రీట్ల దగ్గరికి వస్తాను. మీకు ఆదాయం కావలసింది ఎనిమిది, పదేళ్లయితే, 9 శాతం రీట్ అప్పు 35 శాతం దగ్గరుండి, గడువులు దూరంగా ఉండి, అద్దెదారులు పదిమందికి పైగా చెదిరి ఉంటే, ఏఎఫ్‌ఎఫ్‌ఓలో 80 శాతమే పంచుతుంటే, నేను దాన్నే తీసుకుంటాను. అలాంటిది అరుదుగా దొరుకుతుంది, దొరికితే వదలకూడదు. ఈ నాలుగింటిలో రెండు తప్పినా, లేదా మీకు ఆదాయం ఇరవై ఏళ్లు కావాలన్నా, 5 శాతం రీట్ వైపే నా మొగ్గు. నెలవారీ ఖర్చులకు ఆ 5 చాలకపోతే, లోటును ఎక్కువ యీల్డ్ రీట్‌తో పూడ్చకండి. కొంత డబ్బును బాండ్లలో పెట్టి, మొదటి కొన్నేళ్లు అందులోంచి వాడుకోండి. ఏ ఒక్క రీట్‌లోనూ మీ మొత్తం పెట్టుబడిలో 5 శాతానికి మించి ఉంచకండి. ఏడాదికోసారి వార్షిక నివేదిక రాగానే మూడు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి: యూనిట్‌కు ఏఎఫ్‌ఎఫ్‌ఓ, అప్పు శాతం, వచ్చే రెండేళ్లలో తీరాల్సిన అప్పు. మొదటిది వరుసగా రెండేళ్లు తగ్గి, మూడోది పెరిగితే కోత ప్రకటన కోసం ఎదురుచూడకుండా అమ్మేయండి. ప్రకటన వచ్చేసరికి ధర ముందే పడిపోయి ఉంటుంది.